పత్తి పక్కు

ఎలుకే చచ్చిందనుకుంది నాగవేణి.

ఎమ్మిగనూరు బస్సు దిగి, ఆదోనిలో అమ్మ ఇంటి గడప దాటిందో లేదో వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. చేతిసంచి గోడపక్కన పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని పనిలోకి దిగింది. బియ్యం డబ్బా జరిపింది. జొన్నల మూట లేపింది. మంచం కింద చీపురు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు లాగింది. తెగిన చెప్పు ఒకటి, పళ్లూడిన దువ్వెన ఒకటి బయటపడ్డాయి కానీ ఎలుక జాడ లేదు.

"అటక మింద సూడుమే, ఆడ గోతాలుండాయి" అంది ఉచ్చీరమ్మ, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నచోట నుంచి కదలకుండా.

నాగవేణి స్టూలెక్కింది. గోతాలు దులిపింది. ఏడాది దుమ్మంతా నెత్తిన పడింది.

"ఆడ ల్యాదా? నీళ్లతొట్టి ఎనకాల సూసినావా?"

"నీకు వాసన తెలీడం ల్యాదామా? ఈ ఇంట్లో ఎట్ల పండుకుంటాండావు నువ్వు?"

"నాకు పడిశెమే."

తొట్టి వెనకాలా లేదు. నడుం పట్టుకుని లేచిన నాగవేణి అప్పుడు చూసింది. ఇంట్లో తిరుగుతున్న ఈగలకు అటకతో పని లేదు, తొట్టితో పని లేదు. అన్నీ పోయి అమ్మ చీర అంచు మీదే వాలుతున్నాయి. ఉచ్చీరమ్మ చేత్తో తోలుతోంది, అవి లేచి మళ్లీ అక్కడికే వస్తున్నాయి.

"కాలు సూపియ్యి."

"ఏ కాలు?"

"నీకెన్ని కాళ్లుండాయి మా?"

ఉచ్చీరమ్మ చీర ఇంకా కిందికి లాక్కుంది. నాగవేణి మంచం మీదికి ఎగబాకి అంచు పట్టుకుని లేపేసింది. చీలమండ పక్కన పాత జాకెట్టు గుడ్డతో కట్టు. ఆ గుడ్డ విప్పితే కింద పత్తి. పత్తి అంటే తెల్ల పత్తి కాదు, నెత్తురూ రసీ పీల్చి, దాని మీద మళ్లీ పత్తి, దాని మీద మళ్లీ పత్తి, అన్నీ కలిసి ఎండిన పిడకలా గట్టిపడిపోయిన పక్కు. దాని చుట్టూ పాదం వాచి నున్నగా మెరుస్తోంది.

"మానిపోయిందే. పైన ఎట్ల ఎండిందో సూడు" అని ఉచ్చీరమ్మ వేలితో ఆ పక్కు మీద టకటక కొట్టి చూపించింది. కొట్టగానే పక్క నుంచి పచ్చగా జారింది.

నాగవేణికి ఒళ్లు మండింది.

"నీకు తెలుసు. వాసన యాణ్నుంచి వస్తాందో నీకు తెలుసు. తెలిసీ నన్ను అటకెక్కిచ్చినావు!"

"అటక దులిపి శానా దినాలైందిలే" అంది ఉచ్చీరమ్మ.

ఈ మనిషితో ఏం చేయాలి? తల గోడకు కొట్టుకోవాలా? ఫోన్ చేసినప్పుడల్లా "బాగుండానే, నాకేం కొదవ" అనే మాటే. ఊరి బయట జిన్నింగు మిల్లులో ఉచ్చీరమ్మ పని. రైతులు తెచ్చి పోసిన పత్తి కుప్ప మీద నడుస్తూ, గంపకెత్తి, గింజ తీసే మిషన్ల నోట్లో పోయాలి. కుప్ప మీదికి చెప్పులతో ఎక్కకూడదు, పత్తి మాసిపోతుంది. అది మిల్లు కట్టుబాటు. కుప్పలో ఎక్కడో నొక్కి కట్టిన పత్తి బేళ్లకు బిగించే ఇనుప పట్టీ ముక్క ఉండిపోయింది. అది కోసింది.

"నెత్తురు కారుతాంటే మిషను కింద అప్పుడే దిగిన పత్తి పెట్టినా. ఏడేడిగా, మల్లెపూవు మాదిరి ఉండె. ఎవరూ ముట్టనిది. అందరం అదే పెడతాం. దినామూ పైన కొత్తది పెట్టుకుంటి."

"పాతది తీసేయకుండానా?"

"ఊడబీకితే నెత్తురొస్తాది గదా!"

తెల్లారనీ అంది నాగవేణి. ఆసుపత్రికి పోదాం అంది. ఉచ్చీరమ్మ రానంది. ఆసుపత్రికి పోయినోళ్లెవరూ పోయినట్టు తిరిగి రాలేదంది. పోయి బాగయి వచ్చినవాళ్ల పేర్లు నాగవేణి చెబుతూ పోతే, ప్రతి పేరుకూ ఏదో ఒక వంక పెట్టింది. ఆ రాత్రి తల్లీకూతుళ్లు వాకిట్లో మంచాలు వేసుకుని, ఒకరికొకరు వీపులు పెట్టుకుని పడుకున్నారు.

*

పొద్దున్నే అమ్మను బలవంతంగా ఆసుపత్రికి పట్టుకొచ్చింది నాగవేణి. డాక్టరు త్రివేణికి ముప్పై దాటి ఉండవు. ఓపీలో జనం తలుపు దాకా ఉన్నా ఆమె తొందరపడలేదు. ఉచ్చీరమ్మ కాలు చూసి, వాసన పీల్చి, ఏమీ మాట్లాడకుండా డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్లింది. ఆ పక్కు మీద సెలైన్ నీళ్లు పోయించి నాననిచ్చింది. వేలిలో సూది గుచ్చి షుగరు చూశారు. లేదు. వచ్చినప్పటి నుంచి నాగవేణి విన్న మంచి మాట అదొక్కటే.

నానిన పక్కును డాక్టరు చిమటాతో అంచు పట్టి మెల్లగా లేపింది. పొరలు పొరలుగా వచ్చింది. గింజ పొట్టు, ఆకు నలుసులు, ఒక చోట చిన్న పుల్ల. కింద చీము.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"నేనే మేడమ్. మా మిల్లుదే" అంది ఉచ్చీరమ్మ. ఆ మాటలో రోంత గర్వం కూడా ఉంది. "మీరు పెట్టేది గూడ మా పత్తే గదా. ఈణ్నుంచే గదా పోయేది."

"మేం వాడే దూదిని ఉడికించి, కడిగి, క్రిములు చంపి ఇస్తారమ్మా. అయినా దాన్ని కూడా పుండులో నేరుగా పెట్టం, పోగులు కండకు అంటుకుంటాయని. సన్న కన్నాల జాలి గుడ్డ పెడతాం. నువ్వు పెట్టిన దాంట్లో మట్టి ఉంది, చేలో కొట్టిన పురుగుమందు ఉంది. పైన మూతేసి లోపల కుళ్లబెట్టావు."

ఉచ్చీరమ్మకు ఆ మాట నచ్చలేదు. పత్తిని తిడితే ఆమెకు తనను తిట్టినట్టే. మొహం తిప్పుకుంది.

చుట్టూ మత్తు సూదులు వేశారు. "చీము పట్టిన చోట మత్తు సరిగ్గా ఎక్కదు, కొంచెం ఓర్చుకోవాలి" అని ముందే చెప్పింది డాక్టరు. లోపల కండ తడిసిన పాత గుడ్డలా బూడిదరంగుగా ఉంది. కత్తెరతో దాన్ని కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోయింది. మొదట్లో ఉచ్చీరమ్మకు తెలియలేదు, చచ్చిన కండకు నొప్పేముంది? అది దాటి కత్తెర బతికున్న కండను తాకగానే ఎగిరిపడింది.

"అప్పో! సంపుతాండారప్పో! ఎవరన్నా రాండప్పో!"

వరండాలో జనం తలుపు దగ్గరికి వచ్చేశారు. ఎవరో ముసలాయన కిటికీలోంచి తొంగిచూసి "ఏమైంది, కాన్పా?" అని కూడా అడిగాడు. నాగవేణికి తల కొట్టేసినట్టయింది.

"నోరు మూసుకోమా! అందరూ సూస్తాండారు!"

"నెత్తురు వచ్చేదాకా కోయాలి" అంది డాక్టరు, చెయ్యి ఆపకుండా. "నెత్తురు వస్తే అక్కడ కండ బతికున్నట్టు. రాలేదంటే ఇంకా చచ్చిందే మిగిలున్నట్టు."

ఈ మాట ఉచ్చీరమ్మ చెవిన పడలేదు. అంతా అయ్యాక తల ఎత్తి తన కాలు చూసుకుంది. వచ్చేటప్పుడు రూపాయి బిళ్లంత పక్కు. ఇప్పుడు అరచెయ్యంత ఎర్రటి గుంట.

"సూసినావా? సూసినావా నాగేణీ? ఇంతది తెస్తే ఇంత జేసినారు!"

డాక్టరు చేతులు కడుక్కుంటూ నాగవేణిని పక్కకు పిలిచింది. లోపల పక్కన చచ్చిన కండ ఇంకా ఉంది, ఒకేసారి తీయలేనంది. రేపొక్కరోజు మందులు ఎక్కనిచ్చి ఎల్లుండి మళ్లీ శుభ్రం చేయాలంది. "అది మాత్రం తప్పకూడదు. ఎముకకు పాకిందంటే పాదమే తీసేయాల్సి వస్తుంది. ఆమెకు నువ్వే నచ్చజెప్పాలి."

ఉచ్చీరమ్మకు నచ్చజెప్పాలట! డాక్టరమ్మ చదువులో అంత సులభమైన పనులు ఉన్నాయేమో అనుకుంది నాగవేణి.

*

వార్డులో మంచం ఇచ్చారు. మరుసటిరోజు పొద్దున గుడ్డు ఇచ్చారు. ఉచ్చీరమ్మ దాన్ని పాము గుడ్డును చూసినట్టు చూసింది.

"గుడ్డు తింటే సీము పడతాది."

"తినమని డాక్టరే సెప్పింది. కండ పెరగాలంటే గుడ్డు తినాలంట, పప్పు తినాలంట."

"పప్పు తింటే ఇంగా సీము. ఆయమ్మకేం తెలుసు? మా అమ్మ పుండుతో ఉన్నెప్పుడు కారం మెతుకులు తప్ప ముట్టల్యా."

"నువ్వు ఇన్ని దినాలు కారం మెతుకులే తింటివి గదా? మరి సీము యాణ్నుంచి వచ్చెమా? గాల్లోంచి వచ్చెనా?"

జవాబు లేనప్పుడు ఉచ్చీరమ్మకు చెవుడు వస్తుంది. నాగవేణి మాత్రల కోసం పోయి వచ్చేసరికి గుడ్డు పక్క మంచం ఆమె నోట్లో ఉంది. "ఆయమ్మకు ఎముకే ఇరిగింది, సీము రాదులే" అని సర్దిచెప్పింది ఉచ్చీరమ్మ.

ఇంతలో ఎమ్మిగనూరు నుంచి ఫోన్. నాగవేణి కుట్టే టైలరింగు షాపు యజమానురాలు. మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఎప్పుడొస్తావని. ఆ తర్వాత మొగుడు ప్రదీప్. "ఇంగా ఎన్ని దినాలు?" అన్నాడు. పిల్ల బడికి పోనంటోందట, జడ తనకు వేయడం రావడం లేదట. అందరికీ నాగవేణే కావాలి. ఎవరికోసం ఇక్కడ కూర్చుందో ఆ మనిషికి మాత్రం అక్కర్లేదు. వరండాలో నిలబడి, ఫోన్ మూసి, ఏడుపొస్తే కోపంతో మింగేసింది.

మధ్యాహ్నం హనుమక్క వచ్చింది. కోసిగి పిల్ల. వాళ్ల ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు వేసి బెంగళూరు పోతే, ఇది మాత్రం ఆదోనిలో పిన్నమ్మ ఇంట్లో ఉండి మిల్లులో చేరింది. ఉచ్చీరమ్మ పక్క మిషనే దానిది. పెద్దమ్మా పెద్దమ్మా అని తిరుగుతుంది. స్టీలు డబ్బాలో జొన్నరొట్టెలు, పప్పుల పొడి తెచ్చింది.

వినే మనిషి దొరికింది కదా, ఉచ్చీరమ్మ అందుకుంది.

"ఏం సెప్పల్ల అనుమక్కా! కసాయోడు గూడ మేకను ముందు సంపి, ఆమైన కోస్తాడు. ఈళ్లు బతికుండంగనే కోస్తారే! కత్తెర్ల శబ్దం ఇనిపిస్తాంటాది, కరకర కరకర. నీ కండ నీ కండ్ల ముందరే గిన్నెలో పడతాంటాది. మత్తిచ్చినామంటారు. ఏం మత్తో! పానం పోయి పానం వచ్చె. రేపు మల్ల కోస్తారంట..."

నాలుగు మంచాల అవతల వాళ్లు కూడా తినడం ఆపి వింటున్నారు. చెప్పేకొద్దీ కత్తెర పెద్దదవుతోంది. హనుమక్క మొహంలో రంగు పోయింది. తెచ్చిన డబ్బా మూత తీసి మంచం మీద పెట్టబోయింది. అప్పటిదాకా కొంగులోనే ఉన్న కుడిచెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలి మొదట్లో గుడ్డ కట్టు. గుడ్డ పక్క నుంచి నల్లగా గట్టిపడిన పత్తి. మణికట్టు దాకా వాపు.

ఉచ్చీరమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

"అదేందే?"

"ఏం ల్యా పెద్దమ్మా. మిషను కాడ గీసుకుంది. పత్తి పెట్టినా. ఎండిపోయింది."

"ఈమెదీ అట్లే ఎండింది!" నాగవేణి లేచి నిలబడింది. "పద, డాక్టరు ఈడనే ఉంది. ఇప్పుడే సూపిద్దాం పద."

హనుమక్క చెయ్యి మళ్లీ కొంగులో దాచేసుకుంది. "వద్దక్కా. నాది మానిపాయె."

"మానిపోతే ఆ వాపేంది?"

"అమ్మో, నేను కోపిచ్చుకోను! నాకు భయం. పెద్దమ్మ అంత గట్టి మనిషే తట్టుకోల్యాకపాయె..." అంటూనే వెనక్కి నడిచింది. డబ్బా అక్కడే వదిలేసి మెట్ల మీద చప్పుడు చేస్తూ దిగి పోయింది.

నాగవేణి తల్లి వైపు తిరిగింది.

"బాగుందా? ఇంగా సెప్పు కతలు. కరకర అంట కరకర! నీ కాలు నువ్వు పోగొట్టుకునేది సాలదా, ఆ పిల్ల చెయ్యి గూడ తీపిచ్చల్లనా?"

ఉచ్చీరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రొట్టె ముట్టలేదు. సాయంత్రం పిలిస్తే పలకలేదు. సరే, అలిగింది, అలగనీ అనుకుంది నాగవేణి. ఎవరి అలక తీర్చే ఓపికా ఆమెకు మిగల్లేదు.

*

మళ్లీ శుభ్రం చేసే రోజు. పొద్దున్నే టీ తేవడానికి కిందికి దిగింది నాగవేణి. గ్లాసులు పట్టుకుని పైకి వచ్చేసరికి మంచం ఖాళీ.

"పాయె" అంది పక్క మంచం ఆమె. "కట్టు మింద ప్లాస్టిక్కు కవరు తొడుక్కొని, గోడ పట్టుకొని కుంటుకుంటా పాయె. బాత్రూముకేమో అనుకుంటి. కిటికీలో సూస్తే ఆటో ఎక్కుతాండె."

నర్సు వచ్చి నాగవేణి మీద అరిచింది, పేషెంటును వదిలేసి ఎక్కడికి పోయావని. త్రివేణి అరవలేదు, అదే నయం అనుకుంటే ఆమె అన్న మాట అరుపు కంటే గట్టిగా తగిలింది. "మధ్యాహ్నం లోపల తీసుకురండి. తెల్లవారుజామున చూస్తే నిన్నటికంటే జ్వరం ఎక్కువుంది. ఆలస్యమైతే నా చేతిలో ఉండదు."

ఇల్లు తాళం వేసి ఉంది. ఇంకెక్కడికి పోతుంది? మిల్లు తప్ప ఈ లోకంలో ఆ మనిషికి ఇంకేముంది? ఆటోలో కూర్చుని నాగవేణి తిట్టవలసిన మాటలన్నీ వరుసగా పేర్చుకుంది. నీ కాలు నీకు బరువైతే నాకెందుకు. నీ పత్తిలోనే పడి చావు. నేను ఎమ్మిగనూరు పోతాండా, మల్ల రాను. ఒక్కొక్క మాటనూ పళ్ల కింద నూరి నూరి సిద్ధం చేసుకుంది.

మిల్లు షెడ్డు గుమ్మం దగ్గర మేస్త్రి ఉరుకుందు అడ్డం వచ్చాడు. మిషన్ల హోరులో గట్టిగా అరిచి చెప్పాడు.

"సెప్పులు ఈడ ఇడిసి పోమ్మా. పత్తి మాసిపోతాది."

అంతే. అమ్మ కోసం పేర్చుకున్న కోపమంతా ఇతని మీద పడింది.

"మాసిపోతాదా? పత్తి మాసిపోతాదా అన్నా? మా యమ్మ కాలు కుళ్లి ఇల్లంతా కంపుగొడితే అది మాత్రం మీకు మాసినట్ల కనపడల్యాదా? పత్తికుండే మర్యాద మనిషికి ల్యాదా ఈడ? కుప్పలో ఇనుప ముక్కలేసి, దాని మింద ఉత్తకాళ్లతో నడిపిస్తారా?"

ఉరుకుందు నొచ్చుకున్నట్టు చూశాడు. "నన్నంటే ఏమొస్తాదమ్మా? నేను గూడ ఇడిసే ఎక్కుతా" అని కాలెత్తి తన పాదం చూపించాడు. అరికాలి నిండా పాత గాట్లు, ఒకదాంట్లో కొత్త పత్తి. అది చూసి నాగవేణికి ఇంకా కోపం వచ్చింది. చెప్పులు విడవకుండానే లోపలికి నడిచింది.

షెడ్డంతా పత్తి నూగు ఎగురుతోంది. ముక్కుకు, కనురెప్పలకు అంటుకుంటోంది. కుప్ప మీద ఆడవాళ్లు ఒక్కొక్కరే గంపలు ఎత్తుతున్నారు. అమ్మ వాళ్లలో లేదు. కుప్ప మొదట్లో, ప్లాస్టిక్కు కవరు తొడిగిన కాలు చాపుకుని కూర్చుని ఉంది. రెండు చేతులతో హనుమక్క ఎడమ చెయ్యి పట్టుకుని లాగుతోంది. హనుమక్క అటు లాగుతోంది. గంప పక్కన బోర్లా పడి ఉంది.

"నేను అబద్ధం సెప్పినానే!" ఉచ్చీరమ్మ మిషన్ల మీదికి గొంతు లేపి అరుస్తోంది. "నొప్పేం ల్యాదు! ఉత్తదే! నేను పెంచి సెప్పినా!"

"నువ్వు అరిసింది వార్డంతా ఇనె పెద్దమ్మా! వాళ్లే సెప్పిరి నాకు!"

"నాకు అరసడం అలవాటే! నేను ఉత్తపుణ్యానికే అరుస్తా! కావల్లంటే మా నాగేణినడుగు!"

నాగవేణి అక్కడే నిలబడిపోయింది. తప్పించుకుని వచ్చిందనుకుంది కదా తను. పని మీద ఆశతో వచ్చిందనుకుంది కదా. ఉచ్చీరమ్మ కూతురిని చూసింది. చూసి తప్పు చేసిన పిల్లలా చూపు దించుకుంది.

"నువ్వన్నా సెప్పు నాగేణీ. దాని చెయ్యి సూడు. మోచెయ్యి దాకా ఎక్కింది వాపు. నేను కతలు సెప్పబట్టే గదా అది పారిపోయింది. నా నోరు పడిపోను."

"అక్కేం సెప్పినా నేను నమ్మను" అంది హనుమక్క. ఏడుపు, పంతం రెండూ ఉన్నాయి గొంతులో. "నొప్పి ల్యాకపోతే నువ్వు ఇప్పుడు పోయి మల్ల కోపిచ్చుకో. నేను పక్కన నిలబడి సూస్తా. నువ్వు ఒక్క అరుపు అరిసినా నేను ఆణ్నుంచే పోతా. మల్ల నన్నడగొద్దు."

ఉచ్చీరమ్మ పెదవులు తడుపుకుంది. ఒక్క క్షణం ఆమె మొహం చూస్తే నాగవేణికి భయమేసింది. ఆ గది, ఆ బల్ల, ఆ కత్తెర అన్నీ ఆమె కళ్లలో కనబడ్డాయి.

"సరే పద" అంది ఉచ్చీరమ్మ. "అదేం పెద్ద పని!"

ఉరుకుందు పరిగెత్తుకొచ్చాడు. మిషను దగ్గర మనిషి లేకపోతే ఎట్లా అన్నాడు, హనుమక్క ఇప్పుడు పోతే రేపు ఆ చోటు వేరేవాళ్లకు పోతుందన్నాడు, మిల్లు సావుకారి కొడుకు వస్తే తన ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఉచ్చీరమ్మ అంతా విన్నది. విని, ప్లాస్టిక్కు కవరు ఊడదీసి, కట్టు ముడి మీద చెయ్యి వేసింది.

"ఉరుకుందూ, ఇప్పుతా. ఈ పత్తి మిందనే ఇప్పుతా. సూస్తావా?"

"వద్దు తల్లీ! పోండి, పోండి!" ఉరుకుందు రెండడుగులు వెనక్కి వేశాడు. "బిర్రున వచ్చేయల్ల మరి!"

"నువ్వు గూడ ఆ కాల్లో పత్తి తీసి పారేయి" అని అరిచింది ఉచ్చీరమ్మ, కూతురి భుజం పట్టుకుని లేస్తూ.

*

హనుమక్కను లోపలికి రానివ్వడానికి డాక్టరు మొదట ఒప్పుకోలేదు. బయట కూర్చోమంది. హనుమక్క గుమ్మం దగ్గర అటూ కాక ఇటూ కాక నిలబడింది. నాగవేణి డాక్టరు దగ్గరికి పోయి నాలుగు మాటలు చెప్పింది. త్రివేణి హనుమక్క చెయ్యి వైపు చూసింది, వాపు ఎంతదాకా ఉందో అక్కడి నుంచే కొలుచుకున్నట్టు. "మాస్కు పెట్టుకుని ఆ గోడ దగ్గర నిలబడు. ఏదీ ముట్టుకోకు" అంది.

ఉచ్చీరమ్మ బల్ల మీద పడుకుంది. నాగవేణి తలవైపు, హనుమక్కకు అవతలి పక్కన నిలబడింది. మొదటి సూది పడగానే కొంగు చాటున అమ్మ చెయ్యి వచ్చి నాగవేణి ముంజేతిని పట్టుకుంది. హనుమక్కకు ఆ చెయ్యి కనబడదు.

కట్టు విప్పారు. జాలి గుడ్డ తీశారు. కత్తెర పని మొదలైంది.

"మీది ఏ ఊరు మేడమ్?" అంది ఉచ్చీరమ్మ.

త్రివేణి తలెత్తలేదు. "పత్తికొండమ్మా."

"పత్తికొండనా! టమేటాల ఊరు గదా!" టమేటా దగ్గర గొంతు ఒక్కసారి పైకి లేచి మళ్లీ దిగింది. గోళ్లు నాగవేణి చేతిలోకి దిగాయి. "మీరు గూడ... పెడతారా టమేటా?"

డాక్టరు ఆగింది. మాస్కు పైనుంచి ఉచ్చీరమ్మ మొహం చూసింది, గోడ దగ్గరున్న పిల్లను చూసింది. మళ్లీ తల దించుకుంది.

"మా నాన్న పెడతాడమ్మా. పోయినేడు ధర లేక రోడ్డు మీద పారబోశాడు."

"అయ్యో పాపం! అంతా... అంతా పారబోసినాడా?"

"ట్రాక్టరు అంతా."

"ట్రాక్టరంతా! నాగేణీ, ఇన్నావామే... ట్రాక్టరంతా అంట..."

నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పోసి చెవుల్లోకి కారుతోంది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది, ఎవరో పట్టి లాగి అక్కడ నిలబెట్టినట్టు. నాగవేణికి తన చెయ్యి తనది కాదనిపిస్తోంది. గాజు ఒకటి టప్పున విరిగింది. ఆ చప్పుడుకు హనుమక్క ఉలిక్కిపడింది.

"నొప్పి ల్యాదా పెద్దమ్మా?"

"నొప్పా? గోకినట్లుందే. అంతే. రోంత... గట్టిగా గోకినట్ల."

"మొన్న మరి అరిస్తివి?"

"మొన్న నాకు తెలీదు గదే. అందుకే అరిసినా."

అయిపోయేసరికి ఎంతసేపయిందో నాగవేణికి తెలియలేదు. గుంట నిండా ఎర్రటి నెత్తురు చెమర్చింది. "బాగుంది" అంది త్రివేణి, ఆ మాట డాక్టరు నోట మొదటిసారి. "అంతా బతికిన కండే. ఇంక పాదానికి భయం లేదు. కట్టు మార్చుకుంటూ, గుడ్లు తింటూ ఉంటే చాలు." కొత్త జాలి గుడ్డ పెట్టి కట్టు కట్టింది. బల్ల మీది గుడ్డ మార్పించి, చేతులు కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని హనుమక్క వైపు తిరిగింది.

హనుమక్క గోడను వదిలి వచ్చింది. తనంతట తనే కూర్చుని చెయ్యి చాపింది.

నాగవేణి అమ్మను నడిపించుకొచ్చి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది. వెనకాల తలుపు మూసుకుంది. ఉచ్చీరమ్మ మొహంలో ఆ నవ్వు ఇంకా అట్లాగే ఉంది. ఒళ్లు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మూసిన తలుపు వైపే చూస్తోంది.

కాసేపటికి లోపలి నుంచి హనుమక్క గొంతు తలుపు దాటి వినిపించింది.

"పెద్దమ్మో! అబద్ధాలదానా! అప్పో!"

"తలుపు గట్టిగా ఏసినారా?" అంది ఉచ్చీరమ్మ మెల్లగా.

"ఏసినారు మా."

"ఇంగ బయటికి రాదు గదా అది?"

"రాదు. డాక్టరు పట్టుకుంది. మొదలుపెట్టె గదా."

ఉచ్చీరమ్మ కొంగు చివర నోటి దగ్గరికి తెచ్చుకుంది. కళ్లు నిండిపోయాయి.

"అయితే నాగేణీ... ఇంగ నేను అరుసుకోనా?"

వరండా నిండా జనం ఉన్నారు. మొన్న కిటికీలోంచి తొంగిచూసిన ముసలాయన కూడా ఎదురుగానే కూర్చుని ఇటే చూస్తున్నాడు. నాగవేణి అమ్మ నోటి దగ్గరి కొంగు తీసేసి, ఆమె తలను తన కడుపుకు ఆనించుకుంది.

"అరుసుకోమా" అంది. "గట్టిగా అరుసుకో."